వదిలొచ్చే బడి దగ్గరే సగం పని ఉంది

ప్రశ్న (కుదించి): మావారు నేవీలో సెయిలర్. ముంబై నుంచి విశాఖపట్నానికి పోస్టింగ్ వచ్చింది, అక్టోబరులో షిప్పులో జాయిన్ అవ్వాలి. పాప కేంద్రీయ విద్యాలయ (కేవీ)లో 9వ తరగతి. బాబు ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో 3వ తరగతి, వాడికి అప్పట్లో కేవీలో సీటు రాలేదు. ఇప్పుడే అందరం వచ్చేయాలా, మార్చి దాకా ఆగాలా? మాది శ్రీకాకుళం జిల్లా. అత్తగారు పిల్లల్ని ఊళ్ళో తన దగ్గర ఉంచి అక్కడి బళ్ళో వేయమంటున్నారు. బాబుకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాణ్ణి సైనిక్ స్కూల్లో వేస్తే ఈ తిరుగుడు తప్పుతుందా? సామాను తగ్గించాలని వాడి సైకిలు అమ్మేద్దామన్నాం, రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

సమాధానం:

అమ్మా, ముందు ఒక చిన్న పని చేయండి. మీరు పెట్టిన పూర్తి ప్రశ్నలో షిప్పు పేరు, జాయినింగ్ తేదీ రాశారు. అవి వెంటనే తీసేయండి. పిల్లల బడి గురించి అడగడానికి ఆ రెండూ అక్కర్లేదు. తర్వాత ఆయన సెయిలింగ్‌కి వెళ్ళినప్పుడు కూడా 'ఫలానా రోజు బయల్దేరారు, ఫలానా రోజు వస్తారు' అని ఎక్కడా రాయకండి. మా రోజుల్లో ఇలాంటి మాటలు కొళాయి దగ్గర అనుకుంటే అక్కడే పోయేవి, ఇప్పుడు లోకమంతా చదువుతుంది.

ఇక నా సంగతి. మావారు నేవీలోనే చేసి రిటైరయ్యారు. నేను టీచర్ని. ఆయన పోస్టింగ్ ఎక్కడైతే అక్కడ ఏదో ఒక బళ్ళో చేరి పాఠాలు చెప్పాను, చివరి పదకొండేళ్ళు మల్కాపురం వైపు. మా అమ్మాయి పదో తరగతి దాటేసరికి ఏడు బళ్ళు మారింది. తల్లిగా టీసీ కోసం ఆఫీసు గుమ్మం ముందు గంటలు గంటలు నిలబడ్డాను. టీచర్‌గా, నవంబరు నెలలో ఒక పిల్లాణ్ణి తెచ్చి 'మేడమ్, వీడు మీ సెక్షనే' అని వదిలేసి వెళ్తే వాడు ఎక్కడిదాకా చదివాడో తెలీక తల పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటి. అందరూ చేరబోయే బడి గురించే అడుగుతారు: ఏది మంచిది, సీటు దొరుకుతుందా, ఫీజెంత అని. పిల్లలు ఇబ్బంది పడేది మాత్రం ఎక్కువగా, వదిలొచ్చిన బడి దగ్గర పని సగంలో ఉండగానే రైలెక్కేసినందువల్ల. అందుకే నా జవాబులో విశాఖపట్నం కన్నా ముంబై ఎక్కువ కనిపిస్తుంది. ఏమీ అనుకోవద్దు.

మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను: మార్చి దాకా ఆగండి. ఆయన వచ్చి జాయిన్ అవుతారు, మీరు ముగ్గురూ అక్కడే ఉండండి. ఎలాగూ షిప్పు పోస్టింగే కదా, మీరు ఇక్కడికొచ్చినా ఆయన సగం రోజులు నీళ్ళ మీదే ఉంటారు. పిల్లల చదువు కారణం చూపించి ఇప్పుడున్న క్వార్టర్ విద్యా సంవత్సరం చివరిదాకా ఉంచుకోవడానికి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఆ కాగితం ఆయన ముంబైలో రిలీవ్ కాకముందే కదలాలి. ఇంకో మాట. అక్టోబరు, నవంబరు ఇక్కడ తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, ఊరు ఊరంతా కరెంటు లేక రోజుల తరబడి అల్లాడింది. కొత్త ఇల్లు, కొత్త బడి, ఆయన లేని ఇల్లు, పైన తుపాను హెచ్చరిక, ఇవన్నీ ఒక్కసారి నెత్తిన పెట్టుకోకండి.

అసలు కారణం మీ పాప. సీబీఎస్ఈలో పిల్లల పేర్లు బోర్డు దగ్గర నమోదయ్యేది 9వ తరగతిలోనే. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, తీసుకున్న సబ్జెక్టులు అప్పుడు ఎలా పడితే పదో తరగతి సర్టిఫికెట్ మీద అలాగే వస్తాయి. ఆ నమోదు జరిగే రోజుల్లోనే బడి మారితే పాత బడి 'వెళ్ళిపోతోంది కదా' అని వదిలేస్తుంది, కొత్త బడి 'అక్కడ అయిపోయి ఉంటుంది' అనుకుంటుంది. రెండు బళ్ళ మధ్య పిల్ల పేరు జారిపోయిన సంగతి నేను కళ్ళారా చూశాను. అదీ గాక 9, 10 తరగతుల్లో ప్రతి సబ్జెక్టుకీ 80 మార్కులు రాత పరీక్ష, 20 మార్కులు ఇంటర్నల్. ఆ 20లో పీరియాడిక్ టెస్టులు, నోటుబుక్కులు, ప్రాక్టికల్ పనులు అన్నీ ఉంటాయి. సంవత్సరం మధ్యలో వచ్చిన పిల్లకి ఆ మార్కులు పాత బడి రాసిస్తే ఉన్నట్టు, లేకపోతే మళ్ళీ మొదటి నుంచి.

9 పూర్తి చేసి, రిజల్టు తీసుకుని వస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది. పదో తరగతిలో స్కూలు మారడానికి బోర్డు అనుమతి కావాలి, ఊరికే మార్చుకుంటామంటే ఒప్పుకోరు. తండ్రికి బదిలీ అవడం ఒప్పుకునే కారణమే. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కాపీ, 9వ తరగతి మార్కులు, టీసీ జతచేసి కొత్త బడే బోర్డుకి పంపుతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే ఈ పని మొదలైపోవాలి. పరీక్ష రాసేవాళ్ళ జాబితా బోర్డుకి వెళ్ళిపోయాక మారాలంటే ఆ టెన్షన్ వేరు. ఇంకో లాభం, కేవీలో ఏప్రిల్‌లో క్లాసులు మొదలై మే, జూన్‌లలో ఎండాకాలం సెలవులొస్తాయి. ఒక నెల బడి చూసి, నలుగురు స్నేహితుల్ని వెతుక్కుని, వెనకబడ్డది సెలవుల్లో సరిచేసుకోవచ్చు. బడి మారే పిల్లకి అంతకన్నా మంచి నెల ఇంకోటి లేదు.

ఒకవేళ క్వార్టర్ ఉంచుకోవడం కుదరక ఇప్పుడే రావలసి వస్తే, పాప ఇంటర్నల్ మార్కుల వివరాలు, రాసిన టెస్టుల మార్కులు ప్రిన్సిపాల్ సంతకం, ముద్రతో రాయించుకోండి. బోర్డు నమోదు అయిపోయి ఉంటే దాని ప్రింటు అడిగి తీసుకోండి. ఈ రెండూ లేకుండా కదలొద్దు.

పాపకి సీటు గురించి మీరు భయపడక్కర్లేదు. తండ్రి బదిలీ మీద కేవీ టీసీతో వచ్చిన పిల్లల్ని, క్లాసు నిండిపోయినా సరే, చేర్చుకోవాలన్నది కేవీలని నడిపే కేవీ సంఘటన్ మార్గదర్శకాల్లోనే ఉంది. అసలు కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే మీలాంటి, నాలాంటి వాళ్ళ గోడు వల్ల. ఊరూరా తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లలకి ఎక్కడికెళ్ళినా ఒకే చదువు ఉండాలని రెండో పే కమిషన్ సిఫారసు చేస్తే, 1963లో 20 రెజిమెంటల్ స్కూళ్ళని తీసుకుని వీటిని మొదలుపెట్టారు. అంటే ఈ గొలుసులో మొదటి కడియాలు సైన్యం బళ్ళే. మన విశాఖలో మల్కాపురం, వాల్తేరు, శ్రీవిజయనగర్ వగైరా చోట్ల కేవీలున్నాయి.

బాబు సంగతి వేరు. వాడు కేవీలో లేడు కాబట్టి వాడికి ఆ హక్కు రాదు, 4వ తరగతిలో ఖాళీ ఉంటేనే సీటు. రెండో తరగతి, ఆ పై తరగతుల ఖాళీలకి ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. సైన్యంలో పనిచేసేవాళ్ళ పిల్లలు మొదటి కేటగిరీలో ఉంటారు. అందులోనూ ఒకరికన్నా ఒకరిని ముందు పెట్టడానికి గత 7 సంవత్సరాల్లో తండ్రికి ఎన్నిసార్లు బదిలీ అయిందో చూస్తారు. అందుకని ఆయన పాత మూవ్‌మెంట్ ఆర్డర్లన్నీ, అంటే బదిలీ కాగితాలన్నీ, వెతికి బయటికి తీయండి. మనం ఏడ్చిన ప్రతి పోస్టింగూ అక్కడ ఒక పాయింటు అవుతుంది. సర్వీస్ సర్టిఫికెట్ మీద కమాండింగ్ ఆఫీసర్ సంతకం, ముద్ర కావాలి. షిప్పు సెయిలింగ్‌లో ఉంటే ఏప్రిల్‌లో ఆ సంతకం ఎవరు పెడతారు? ఫిబ్రవరి, మార్చిలోనే, షిప్పు హార్బర్‌లో ఉన్నప్పుడు, రెండు మూడు ఒరిజినల్స్ తీసి ఇంట్లో పెట్టుకోమనండి. కేవీతో పాటు ఇక్కడి నేవీ చిల్డ్రన్ స్కూల్లో కూడా దరఖాస్తు పెట్టండి. అదీ సీబీఎస్ఈయే. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ఇప్పుడు పాత బడి పని. టీసీ అంటే ఒక కాగితం అనుకుంటాం. దాని మీద రాసినవి ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవాలి. మన తెలుగువాళ్ళకి పెద్ద తలనొప్పి ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడ చివర రాస్తారు. ఒక బళ్ళో మా అమ్మాయి ఇంటిపేరుని పొడి అక్షరంగా కుదించారు, ఇంకో బళ్ళో పూర్తిగా రాశారు, మూడో చోట మావారి పేరునే ఇంటిపేరు అనుకుని పాప పేరు చివర తగిలించారు. ఒక్క పిల్లకి మూడు పేర్లు. నేను టీసీ చేతికొచ్చిన ఆనందంలో చదవకుండా ఫైల్లో పెట్టేసుకున్నాను. పదో తరగతి అడ్మిట్ కార్డు వచ్చినప్పుడు గానీ బయటపడలేదు. దాన్ని సరిచేయించడానికి వదిలేసి వచ్చిన రెండు రాష్ట్రాలకి ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. తప్పు ఆ బళ్ళదే, శ్రమ మాత్రం మాది. మీరు ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, ఆయన సర్వీస్ రికార్డు, రిపోర్టు కార్డు, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఈ ఐదారు నెలల్లోనే దిద్దించండి. పాప విషయంలో బోర్డు నమోదుకి ముందే దిద్దించాలి.

ఈ మధ్య ఇంకో కొత్త మెలిక వచ్చింది. బళ్ళ లెక్కలన్నీ ఇప్పుడు యూడైస్ ప్లస్ అనే పోర్టల్లో ఉంటున్నాయి, ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పాత బడి మీ వాడిని ఆ పోర్టల్లో 'వెళ్ళిపోయాడు' అని డ్రాప్‌బాక్సులో వేస్తేనే కొత్త బడి తన లెక్కలోకి తీసుకోగలదు. చేతికి టీసీ ఇచ్చి, పోర్టల్లో వదలకపోతే పిల్లాడు ఇక్కడ క్లాసులో కూర్చుంటాడు, కంప్యూటర్లో మాత్రం ముంబైలోనే ఉంటాడు. టీసీ తీసుకునే రోజునే ఆఫీసు గుమస్తాని మర్యాదగా అడిగి ఆ పని కూడా చేయించండి, పెన్ నంబరు టీసీ వెనక పెన్సిల్‌తో అయినా రాసుకోండి. అపార్ ఐడీ (విద్యార్థికి దేశమంతటా ఒకటే ఉండే గుర్తింపు నంబరు) తీసి ఉంటే అదీ రాసుకోండి.

ప్రైవేటు బళ్ళు ఫీజు బాకీ ఉందని టీసీ ఆపుతాయి. జనవరిలోనే లెక్క తేల్చుకుని రసీదు పెట్టుకోండి. 'టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాలని చట్టం ఉంది కదా' అని చాలామంది అంటారు. ఉంది, 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్. బడి మారే పిల్లలకి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి, టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు అని అందులో ఉంది. కానీ అది 8వ తరగతి దాకా, అదీ ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళలో చేరేటప్పుడు. కేవీల్లోనూ సొంత ఖర్చుతో నడిచే ప్రైవేటు బళ్ళలోనూ ఆ సెక్షన్ చూపించి సీటు అడగలేరు. కాబట్టి చట్టాన్ని నమ్ముకుని టీసీ లేకుండా రైలెక్కకండి.

అన్నీ తీసుకున్నాక ఆ ఫైలు ఎక్కడ పెడతారు? లారీలో కాదు. సామానుతో అస్సలు కాదు. మీ చేతిసంచిలో, మీ సీటు కింద కూడా కాదు, మీ ఒళ్ళో. ఒకసారి మా సామాను లారీ పద్దెనిమిది రోజులకి వచ్చింది. పుస్తకాలు, యూనిఫాం, రిపోర్టు కార్డులు అన్నీ అందులోనే. మా అమ్మాయి అన్ని రోజులూ పక్క పిల్ల పుస్తకంలోకి తొంగి చూస్తూ కూర్చుంది. అప్పటి నుంచీ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేత్తో పట్టుకునే తిరిగాను. హుద్‌హుద్ రాత్రి కిటికీ తలుపు ఊడిపోయి బీరువాలో బట్టలతో సహా తడిసినప్పుడు పొడిగా మిగిలింది ఆ కవరొక్కటే.

కాగితాల కన్నా ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. పిల్లాడు ఎక్కడిదాకా చదివాడు అన్న లెక్క. టీసీలో '3వ తరగతి పాస్' అని ఉంటుంది. భాగహారం నేర్పారా, భిన్నాలు మొదలుపెట్టారా, హిందీలో పేరా రాయగలడా, అవేవీ ఉండవు. మీ బాబు స్కూల్లో వేరే పబ్లిషర్ల పుస్తకాలు వాడుతుండొచ్చు, కేవీలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలుంటాయి. ఆ 3వ తరగతి పుస్తకాలు 2024లోనే మారాయి. పేరు ఒకటే, వరుస వేరు. దీనివల్ల పిల్లలు కొన్ని పాఠాలు రెండుసార్లు చదువుతారు, కొన్ని అసలు చదవరు. రెండుసార్లు చదివితే నష్టం లేదు. వదిలేసినవే ఎప్పుడో ఏడో తరగతిలో బయటపడతాయి. దశాంశాలు రాని ఒక అబ్బాయిని అందరూ మొద్దు అనేవారు. వాడు మారిన మూడు బళ్ళలోనూ ఆ పాఠం వాడు రాకముందో, వెళ్ళాకో చెప్పారు, అంతే. పన్నెండు రోజులు కూర్చోబెట్టి చెప్తే వచ్చేసింది.

కాబట్టి మార్చిలో క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్ళి, లెక్కల్లో, హిందీలో, ఇంగ్లీషులో ఏమేం అయ్యాయో ఒక తెల్లకాగితం మీద పది లైన్లు రాసివ్వమని అడగండి. ఏ టీచరూ కాదనదు. వాడి నోటుబుక్కుల్లో లెక్కలదీ హిందీదీ పాత కాగితాలవాడికి వేయకండి, తెచ్చుకోండి. కొత్త బళ్ళో మొదటి వారం ఆ రెండు నోటుబుక్కులూ టీచర్‌కి చూపించండి. నా దగ్గరికి అలా తెచ్చిన తల్లులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ పిల్లల పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి, అంత పని తప్పింది నాకు.

అత్తగారి మాట గురించి. ఆవిడ ప్రేమ నిజమే, మనవల్ని దగ్గరుంచుకోవాలని ఎవరికుండదు? కానీ పాపని ఇప్పుడు ఊళ్ళో రాష్ట్ర సిలబస్ బళ్ళో వేయొద్దు. ఇన్నేళ్ళు కేవీలో హిందీ, ఇంగ్లీషు చదివిన పిల్ల, పదో తరగతికి ఏడాది ముందు తెలుగు మొదటి భాషగా ఉన్న పరీక్షలోకి దూకితే, ఛందస్సు దగ్గరే ఆగిపోతుంది. మిగతావి ఎంత బాగా చదివినా ఆ ఒక్కటి పిల్లని కుంగదీస్తుంది. శ్రీకాకుళం ఎంత దూరం, మూడు గంటల్లో వెళ్ళిపోవచ్చు కదా. ఎండాకాలం సెలవులు మొత్తం అక్కడే ఉంచండి. ఆవిడకి ఒక పని అప్పజెప్పండి, బాబుకి తెలుగు చదవడం నేర్పే పని.

ఎందుకంటే కేవీలో వాడికి సీటొచ్చినా అక్కడ చదివేది హిందీ, ఇంగ్లీషు, పై తరగతుల్లో సంస్కృతం. తెలుగు మీ ఇంటి బాధ్యత. ప్రైవేటు సీబీఎస్ఈలో వేస్తే తెలుగు ఉంటుంది, వాడు మాత్రం అ ఆల దగ్గర ఉంటాడు, పక్కపిల్లలు వేమన పద్యాలు చెప్తుంటారు. ఏదైనా సరే, మూడు నెలలు ముందు మొదలుపెట్టండి. మీరు భయపడేంత కష్టం కాదు. వాడికి హిందీ, మరాఠీ వచ్చు కాబట్టి క ఖ గ ఘ వరుస నోటికి వచ్చినట్టే, గుణింతం అంటే ఏమిటో తెలుసు. బొమ్మ మారింది, లెక్క అదే. హిందీ ఒక్కటే వచ్చిన పిల్లలు 'ళ' దగ్గర తడబడతారు. మీవాడికి ఆ ఇబ్బంది లేదు, మరాఠీలో ఆ అక్షరం ఉంది. వాడు ఇబ్బంది పడేది మూడు చోట్ల. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా దేవనాగరిలో ఉండదు కాబట్టి 'చెట్టు'ని 'చేట్టు' అని రాస్తాడు. రెండోది ఒత్తులు. హిందీలో సగం అక్షరం పక్కన పెడతారు, మనం కింద పెడతాం. మూడోది ప, ష, వ, మ లాంటి ఒకే పోలికలున్న అక్షరాలు. ఈ మూడింటి మీదే కూర్చోండి, మిగతాది వాడే లాక్కొస్తాడు. పుస్తకం కొనాలంటే మన ప్రభుత్వ బళ్ళ పుస్తకాలు చూడండి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. వచ్చాక సిటీ బస్సుల బోర్డులు చదివించండి: గాజువాక, సింహాచలం, మద్దిలపాలెం, కూర్మన్నపాలెం. చివరిది చదివిన రోజు ఒత్తులు వచ్చేసినట్టే.

వాడి తెలుగు విని ఇక్కడి పిల్లలు నవ్వుతారు, అది కూడా ముందే చెప్పి ఉంచండి. 'మమ్మీ, నాకు భూక్ వేస్తోంది' అనేవాడు మా అబ్బాయి.

ఇల్లు, బడి దూరం. విశాఖలో క్వార్టర్ ఎక్కడ వస్తుందో ఇంకా తెలీదు కాబట్టి ఇప్పుడే బడి ఖాయం చేసుకోవద్దు. డాక్‌యార్డు, సింధియా, మల్కాపురం, గాంధీగ్రామ్ ఒక వైపు, ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు ఇంకో వైపు. మధ్యలో పోర్టు లారీలు. ఎవరో చెప్పారని సిటీలో పేరున్న స్కూల్లో వేసి రోజూ అంత దూరం తిప్పితే, ఇంటికొచ్చేసరికి పిల్లాడికి ఆడుకునే ఓపిక ఉండదు. ఇంకో మాట కూడా ఉంది. క్వార్టర్స్ దగ్గరి బళ్ళలో ప్రతి క్లాసులోనూ నిరుడే ఎక్కడి నుంచో వచ్చిన పిల్లలు నలుగురైదుగురు ఉంటారు. కొత్తవాడు రావడం అక్కడ వింత కాదు. సిటీ బడిలో ఎల్‌కేజీ నుంచి కలిసి చదివే ముఠాల మధ్య మీవాడొక్కడే కొత్త. మొదటి సంవత్సరానికి దగ్గర బడే మంచిది, పేరు కొంచెం తక్కువైనా. కేవీ నుంచి కేవీకి ఊళ్ళోనే మారడం కూడా అంత తేలిక కాదు, కాబట్టి ఇల్లు తేలాకే పాప ఏ కేవీ అన్నది రాయండి.

సైనిక్ స్కూలు మంచి ఆలోచనే, కానీ ఇప్పటి సమస్యకి మందు కాదు. మనకి దగ్గర్లోది విజయనగరం జిల్లా కోరుకొండ, 1962లో పెట్టింది. చేర్చుకునేది 6, 9 తరగతుల్లోనే, అఖిల భారత ప్రవేశ పరీక్ష రాయాలి. 6వ తరగతికి మార్చి 31 నాటికి వయసు 10 నుంచి 12 మధ్య ఉండాలి, పరీక్ష తెలుగులో కూడా రాయవచ్చు. సైన్యంవాళ్ళ పిల్లలకి కొన్ని సీట్లు విడిగా ఉంటాయి. మీవాడికి ఇంకా రెండేళ్ళ పైనే ఉంది. ఒకటి మాత్రం చెప్తాను. తిరుగుడు తప్పించుకోవడానికే హాస్టల్‌కి పంపకండి, వాడికి ఇష్టమైతే పంపండి. సైకిలు కోసం అన్నం మానేసిన పిల్లాడు పదేళ్ళకి అమ్మని వదిలి ఉంటాడో లేదో అప్పుడు చూద్దాం.

పాప పదో తరగతి తర్వాత ఇంటర్‌లో వేయమని ఇక్కడ అందరూ చెవిలో జోరీగలా చెప్తారు. ఆయన తర్వాతి పోస్టింగ్ రెండేళ్ళలోపు వచ్చేలా ఉంటే ఆలోచించి వేయండి. ఇంటర్ మన రాష్ట్ర బోర్డుది, సగంలో రాష్ట్రం దాటితే కష్టం. సీబీఎస్ఈ 11 అయితే కొంత నయం.

డబ్బు విషయం ఒక్క మాటలో. పిల్లల చదువు అలవెన్సు 2024 జనవరి నుంచి ఒక్కొక్కరికి నెలకి 2,812.50 రూపాయలు, ఇద్దరు పిల్లల దాకా. సంవత్సరం చివర 'ఈ పిల్ల మా దగ్గర చదివింది' అని బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేసి క్లెయిమ్ చేయాలి. మార్చిలో వచ్చేటప్పుడే ఇద్దరి బోనఫైడ్‌లూ తీసుకుంటే, ఒక్క కాగితం కోసం మళ్ళీ ముంబైకి ఫోన్లు చేసే పని ఉండదు.

ఇక మనసు సంగతి. చాలామంది పిల్లలు సెలవుల్లో ఊరు మారతారు. బళ్ళో ఎవరికీ చెప్పకుండానే మాయమైపోతారు. మా అబ్బాయి ఒకసారి అలాగే వచ్చాడు. కొత్త బళ్ళో రెండు నెలల పాటు ప్రతి నోటుబుక్కు అట్ట మీదా పాత స్కూలు పేరే రాసేవాడు. అక్కడి టీచరు ఎర్ర సిరాతో కొట్టేసేవారు, వీడు మళ్ళీ రాసేవాడు. నేను తిట్టాను కూడా. తర్వాత నా క్లాసులో ఇంకో పిల్లాడు అదే పని చేసినప్పుడు కొట్టేయలేదు, కింద మా స్కూలు పేరు కూడా రాసుకో అన్నాను. మీ పిల్లలిద్దర్నీ రిజల్ట్ రోజున బడికి తీసుకెళ్ళండి, టీచర్లకి చెప్పించండి, ఫొటో తీయండి. పాప స్నేహితురాళ్ళ నంబర్లు పాపే రాసుకోవాలి, మీ ఫోన్లో కాదు. నాన్న షిప్పులో ఉన్నప్పుడు ఫోన్ దొరకదని, అది కోపమో మర్చిపోవడమో కాదని బాబుకి ఇప్పుడే చెప్పి ఉంచండి. మొదటి నెల అన్నీ వాడు నాన్న లేకపోవడానికే ముడిపెడతాడు.

కొత్త బళ్ళో చేర్చిన రోజు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని సిలబస్ గురించి అడగడం కన్నా, బాత్రూమ్ ఎక్కడుందో, మంచినీళ్ళ కుళాయి ఎక్కడో, బస్సు ఏ గేటు దగ్గర ఆగుతుందో వాణ్ణి వెంటబెట్టుకుని చూపించండి. అడగడానికి సిగ్గుపడి సాయంత్రం దాకా ఆపుకుని కూర్చునే చిన్నపిల్లలు నాకు ప్రతి సంవత్సరం కనిపించారు. క్వార్టర్స్‌లో అదే క్లాసు పిల్లాడు ఒకడు దొరికితే, మొదటి వారం వాడితో కలిపి పంపమని వాళ్ళమ్మని అడగండి. మనవాళ్ళు కాదనరు.

సైకిలు అమ్మకండి. క్వార్టర్స్ లోపల రోడ్ల మీద కార్లూ స్కూటర్లూ తక్కువ, సాయంత్రం ఐదింటికల్లా పిల్లలంతా సైకిళ్ళతో రోడ్డెక్కుతారు. అక్కడ ఎవరూ 'నువ్వెవరు' అని అడగరు, 'నీ సైకిలు ఒక రౌండు ఇస్తావా' అంటారు. సామానుతో వేసేటప్పుడు పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకి తిప్పి కట్టండి, చైనుకి గోనెపట్టా చుట్టండి. వాడి చేతే అట్టముక్క మీద పేరు రాయించి సీటుకి కట్టించండి. ఈ రాత్రికే ఆ సంగతి వాడికి చెప్పండి, అన్నం ముందు.